దివ్యాంగులకు పింఛను, చదువు, ఉద్యోగం: సదరం దగ్గర మొదలుపెట్టి ఏ పని ఎక్కడ ఆగుతుందంటే

పింఛను రాలేదని ఎంపీడీఓ ఆఫీసుకి, స్కాలర్‌షిప్ పడలేదని కాలేజీకి, పరీక్షకు స్క్రైబ్ (మనం చెబుతుంటే రాసిపెట్టే మనిషి) ఇవ్వలేదని బోర్డుకి తిరిగేవాళ్లలో చాలామందికి చిక్కు అక్కడ ఉండదు. ఒక్కో మెట్టూ వెనక్కి దిగి చూస్తే అన్నీ ఒకే కాగితం దగ్గరికి వచ్చి ఆగుతాయి. అదే వైకల్య ధ్రువపత్రం. మన ఊళ్లలో సదరం సర్టిఫికెట్ అనే అంటారు. అందులో నాలుగు సంగతులు సరిగా ఉండాలి: వైకల్యం రకం, శాతం, గడువు, పేరు. ఈ నాలుగూ కుదిరాకే మిగతా ఆఫీసుల మెట్లెక్కడం మంచిది.

ఇంకో మాట. ఆంధ్రప్రదేశ్‌లో శాఖ బోర్డు మీద 'విభిన్న ప్రతిభావంతులు' అని ఉంటుంది, తెలంగాణలో 'వికలాంగులు' అని ఉంటుంది, కేంద్రం కాగితాల్లో 'దివ్యాంగులు' అని ఉంటుంది. మనుషులు వాళ్లే, పథకాలు వేరు. ఆన్‌లైన్‌లో వెతికేటప్పుడు మూడు పేర్లతోనూ వెతకండి. జిల్లాలో కలవాల్సిన అధికారి ఆంధ్రాలో విభిన్న ప్రతిభావంతుల, వయోవృద్ధుల సంక్షేమ శాఖ ఏడీ, అంటే సహాయ సంచాలకులు. తెలంగాణలో జిల్లా సంక్షేమ అధికారి, అంటే డీడబ్ల్యూఓ.

సర్టిఫికెట్‌కు దరఖాస్తు

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. కాలు, చెయ్యి, చూపు, వినికిడి మాత్రమే కాదు. ఆటిజం, మేధోపరమైన వైకల్యం, చదవడం రాయడంలో ప్రత్యేక ఇబ్బంది, మానసిక వ్యాధి, పార్కిన్సన్స్, తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్, యాసిడ్ దాడి బాధితులు, మరుగుజ్జుతనం కూడా ఆ జాబితాలో ఉన్నాయి. 'మావాడికి ఇది వర్తించదులే' అని ఇంట్లోనే తేల్చేయొద్దు.

సర్టిఫికెట్, యూడీఐడీ కార్డు (దివ్యాంగులకు దేశమంతటా చెల్లే గుర్తింపు కార్డు) రెండింటికీ దరఖాస్తు ఒకటే. స్వావలంబన్ కార్డ్ పోర్టల్‌లో చెయ్యాలి. సొంతంగా చేసుకుంటే రుసుము లేదు. మీసేవలో గానీ సచివాలయంలో గానీ చేయిస్తే సర్వీసు ఛార్జీ మాత్రం ఇవ్వాలి. దగ్గర ఉండాల్సినవి: ఆధార్, దానికి లింకైన ఫోన్ నంబరు, పాస్‌పోర్టు సైజు ఫొటో, సంతకం లేదా వేలిముద్ర స్కాన్, చిరునామా రుజువు. ఏ ఆసుపత్రిలో పరీక్ష చేయించుకుంటారో ఎంచుకోమని అడుగుతుంది. ఇక్కడ తొందరపడొద్దు. మానసిక వైద్యుడో, చెవి పరీక్ష చేసే ఆడియాలజిస్టో లేని ఆసుపత్రిని ఎంచుకుంటే అక్కడికెళ్లాక జిల్లా ఆసుపత్రికో బోధనాసుపత్రికో పంపిస్తారు. నెల, రెండు నెలలు వృథా. ముందే ఫోన్ చేసి ఆ డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి.

దరఖాస్తు నంబరును ఫోన్‌లోనే ఉంచకుండా ఒక నోటుపుస్తకంలో కూడా రాసుకోండి. ఫోన్ మారినా, సిమ్ పోయినా ఆ నంబరే ఆధారం. పాత సదరం సర్టిఫికెట్ ఉన్నవాళ్లు కొత్తగా దరఖాస్తు పెట్టేముందు పోర్టల్‌లో తమ వివరాలు ఇప్పటికే ఎక్కాయేమో చూసుకోవాలి. ఒకే మనిషి పేర రెండు దరఖాస్తులు ఉంటే రెండూ ఆగే ప్రమాదం ఉంది.

కార్డు మీది గీత రంగు శాతాన్ని చెబుతుంది. తెలుపు అంటే 40 శాతం లోపు, పసుపు అంటే 40 నుంచి 79, నీలం అంటే 80, ఆపైన. పింఛను, రిజర్వేషన్ దాదాపు అన్నీ 40 దగ్గర మొదలవుతాయి. తెల్ల కార్డు వచ్చినంత మాత్రాన అది చిత్తుకాగితం కాదు. పరీక్షల్లో స్క్రైబ్ దగ్గర అది ఎలా అక్కరకొస్తుందో కిందకొచ్చాక చెబుతాం.

శాతం ఎలా లెక్క కడతారు

ఎక్కువ గొడవ ఇక్కడే. 'ఒక కన్ను పూర్తిగా పోయింది, యాభై శాతం రావాలి కదా' అని అడుగుతారు. రాదు. రెండో కన్ను అద్దాలతో 6/18 వరకు (మామూలు చూపున్నవాళ్లు 18 మీటర్ల నుంచి చదివే అక్షరాన్ని 6 మీటర్ల నుంచి) చూడగలిగితే, మొదటి కంటికి చూపు బొత్తిగా లేకపోయినా లెక్క 30 శాతమే. డాక్టరు తక్కువేసినట్టు కాదు, కేంద్రం మార్గదర్శకాల్లో పట్టిక అలా ఉంది. చూపును అద్దాలు పెట్టుకున్నాకే కొలుస్తారు. అందుకే అద్దాలు ఇంట్లో వదిలి వెళ్లడం వల్ల లాభం లేదు, పని వాయిదా పడుతుంది అంతే.

చెవులకు వేరే లెక్క. బాగా వినిపించే చెవి శాతాన్ని 5తో హెచ్చించి, రెండో చెవి శాతాన్ని కలిపి, 6తో భాగిస్తారు. ఒక చెవి నూటికి నూరు పోయి రెండోది బాగుంటే 100ని 6తో భాగించినట్టే, 16.7 శాతం. రెండు చెవుల్లోనూ లోపం ఉంటేనే 40 దాటుతుంది. ఈ పరీక్ష హియరింగ్ ఎయిడ్ తీసేసి చేస్తారు. చిన్నపిల్లలకు, సమాధానాలు పొంతన కుదరనివాళ్లకు బెరా పరీక్ష (శబ్దానికి మెదడు స్పందనను యంత్రంతో కొలిచేది) రాస్తారు. దానికి పిల్లవాడు నిద్రలో ఉండాలి కాబట్టి ముందురోజు రాత్రి ఆలస్యంగా పడుకోబెట్టి తీసుకెళ్తే పని తేలిక.

రెండు వైకల్యాలుంటే నేరుగా కూడరు. ఎక్కువ ఉన్నదాన్ని ముందు పెట్టి, రెండోదాన్ని (90 − మొదటిది) తో హెచ్చించి 90తో భాగించి కలుపుతారు. కాలికి 40, చెవికి 30 వచ్చిందనుకోండి. 40 + 30 × 50 ÷ 90, అంటే 56.7. చాలామంది 70 అని ఆశపడేది ఇక్కడే.

మేధోపరమైన వైకల్యానికి ఐక్యూ ఒక్కటే చూడరు. రోజువారీ పనులు ఎంతవరకు సొంతంగా చేసుకుంటారో తల్లిదండ్రుల్ని అడిగి సోషల్ క్వోషెంట్ లెక్కేస్తారు. అది 55 నుంచి 69 మధ్య ఉంటే 50 శాతం, 36 నుంచి 54 అయితే 75, 21 నుంచి 35 అయితే 90, అంతకంటే తక్కువైతే 100. ఈ ప్రశ్నల దగ్గర తల్లులు తెలియకుండానే బిడ్డకు నష్టం చేస్తారు. 'అన్నం తింటాడా' అని అడిగితే 'ఆ, తనే తింటాడు' అంటారు. అమ్మ కలిపి ముద్దలు చేసి పెడితే తింటాడా, కంచంలో అన్నం, పప్పు వడ్డిస్తే తనే కలుపుకుంటాడా? చొక్కా తొడుక్కుంటాడు సరే, బొత్తాలు ఎవరు పెడతారు? అంగడికి పంపితే వస్తువు తెస్తాడా, మిగిలిన చిల్లర సరిపోయిందో లేదో చెప్పగలడా? దొడ్డికి వెళ్లాక కడుక్కోవడం వచ్చా? పక్కింటివాళ్ల ముందు చెప్పుకునే జవాబు కాదు, ఇంట్లో నిజంగా జరిగేది చెప్పాలి. బిడ్డను రోజంతా చూసుకునే మనిషే వెంట వెళ్లాలి. ఊళ్లో ఉండని తండ్రో మేనమామో కాదు.

మానసిక వ్యాధికి ఐడియాస్ అనే కొలమానం వాడతారు. ఎన్నాళ్లుగా జబ్బు ఉందనేది కూడా లెక్కలోకి వస్తుంది కాబట్టి రెండేళ్లకు పైబడిన మందుల చీటీలు, డిశ్చార్జి సమ్మరీలు తేదీల వారీగా పెట్టుకుని వెళ్లండి. చదవడం, రాయడంలో ప్రత్యేక ఇబ్బందికి ఎనిమిదేళ్లు నిండాకే సర్టిఫికెట్ ఇస్తారు, 14కి, 18కి మళ్లీ చూస్తారు.

పరీక్ష రోజుకు ఆధార్ ఒరిజినల్, స్లాటు (పరీక్షకు ఇచ్చిన తేదీ) రసీదు, పాత ఎక్స్‌రేలు, స్కాన్లు, ఆపరేషన్ కాగితాలు సంచిలో వేసుకోండి. కాలు, చేతుల వైకల్యం ఉన్నవాళ్లు వదులైన బట్టలు వేసుకుంటే కొలతలు తీయడం సులువు. కాలిపర్, కర్రలు, కృత్రిమ కాలు ఏది వాడితే అది తీసుకెళ్లాలి. దెబ్బ తగిలి చికిత్స ఇంకా నడుస్తుంటే తాత్కాలిక సర్టిఫికెట్ ఇస్తారు. దాని మీద గడువు తేదీ ఉంటుంది. ఆ తేదీకి మూడు నెలల ముందే మళ్లీ స్లాటు వేసుకోవాలి. గడువు దాటిన మర్నాటి నుంచి పింఛను ఆగితే 'చెప్పలేదు' అనడానికి ఎవరూ దొరకరు.

వచ్చిన శాతం న్యాయం కాదనిపిస్తే చట్టంలోని 59వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. అప్పీలులో 'తక్కువ వేశారు' అని మాత్రం రాస్తే లాభం లేదు. ఏ పరీక్ష చెయ్యలేదో, ఏ రిపోర్టు చూడలేదో రాయాలి. 'వేలిముద్ర వేయించుకుని పంపేశారు, ఆడియోగ్రామ్ తీయలేదు' అంటే దానికి విలువ ఉంటుంది. శాతం పెంచి రాయిస్తానని ఆసుపత్రి గేటు దగ్గర కలిసే దళారికి డబ్బిస్తే పోయేది డబ్బు ఒక్కటే కాదు. దొంగ ధ్రువపత్రంతో లబ్ధి పొందితే 91వ సెక్షన్ కింద రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ.

పేరు, ఖాతా

ఆధార్‌లో 'కె. రమేష్', పదో తరగతి మెమోలో 'కొండూరు రమేష్', సదరంలో 'రమేష్ కె'. మనకు ముగ్గురూ ఒక్కరే, కంప్యూటర్‌కు ముగ్గురు. చదువుకుంటున్నవాళ్లూ, ఉద్యోగం చూసుకునేవాళ్లూ పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఆధార్‌ను మార్చుకుని, ఆ తర్వాత సర్టిఫికెట్‌కు దరఖాస్తు చేసుకోవాలి. ఈ వరస తిరగబడితే మార్పుల కోసం మళ్లీ ఆసుపత్రి చుట్టూ తిరగాలి. పుట్టిన తేదీ కూడా అంతే.

ఖాతాకు ఆధార్ ఇవ్వడం వేరు, ప్రభుత్వ డబ్బు ఏ ఖాతాలో పడాలో ఎన్‌పీసీఐలో (బ్యాంకుల మధ్య చెల్లింపులు నడిపే సంస్థ) మ్యాప్ కావడం వేరు. పాస్‌బుక్‌లో ఆధార్ నంబరు ఉన్నా మ్యాపింగ్ ఇంకో బ్యాంకు పేర ఉండొచ్చు. ఎప్పుడో సున్నా బ్యాలెన్సు ఖాతా తెరిచి మర్చిపోయి ఉంటారు, స్కాలర్‌షిప్ అందులో పడి కూర్చుంటుంది. ఆధార్ వెబ్‌సైట్‌లో 'బ్యాంక్ సీడింగ్ స్టేటస్' చూస్తే ఏ బ్యాంకో తెలుస్తుంది. వేలిముద్రలు పడనివాళ్లు, వేళ్లు లేనివాళ్లు ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ మినహాయింపు నమోదు చేయించుకోవాలి. ఆ పైన కనుపాపతోనో ముఖ గుర్తింపుతోనో పని జరుగుతుంది.

పింఛను

ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ భరోసా కింద 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్నవాళ్లకు నెలకు 6,000. పక్షవాతంతోనో, తీవ్రమైన కండరాల క్షీణతతోనో, ప్రమాదంలోనో మంచానికి గానీ చక్రాల కుర్చీకి గానీ పరిమితమైనవాళ్లకు 15,000. డయాలసిస్ చేయించుకునే కిడ్నీ రోగులకు, తలసేమియా ఉన్నవాళ్లకు 10,000. ఒకటో తారీఖున సచివాలయం సిబ్బంది ఇంటికే తెచ్చిస్తారు. ఆ నెల ఊళ్లో లేకపోతే మరుసటి నెల కలిపి తీసుకోవచ్చు గానీ వరసగా మూడు నెలలు తీసుకోకపోతే పింఛను ఆగిపోతుంది. కాబట్టి పనికోసం వలస వెళ్లేవాళ్లు సచివాలయంలో ముందే చెప్పి, పింఛను బదిలీ పెట్టుకోవాలి.

దరఖాస్తు తీసుకునేది వెల్ఫేర్ అండ్ ఎడ్యుకేషన్ అసిస్టెంట్. తిరస్కారాల్లో ఎక్కువ భాగం వైకల్యం వల్ల కాదు, హౌస్‌హోల్డ్ మ్యాపింగ్ వల్ల, అంటే ఒక ఇంట్లో ఎవరెవరున్నారో సచివాలయం రాసుకున్న లెక్క వల్ల. ప్రభుత్వ ఉద్యోగం చేసే అన్న ఎప్పుడో వేరు కాపురం పెట్టినా సచివాలయం లెక్కలో ఇంకా అదే ఇంట్లో ఉంటాడు. తమ్ముడి పింఛను ఆగుతుంది. ఇంకో చోట తండ్రి ఆధార్‌కు మూడు కరెంటు మీటర్లు తగిలి ఉంటాయి. అద్దెకున్నవాళ్ల మీటరూ కలిసి 300 యూనిట్లు దాటుతుంది. నాలుగు చక్రాల బండి అమ్మేసినా ఆర్‌సీ మార్చుకోకపోతే అదీ మన ఖాతాలోనే. ఏ కారణం చూపించారో కాగితం మీద తీసుకోండి. అది పట్టుకునే విద్యుత్తు ఆఫీసుకో, రవాణా ఆఫీసుకో వెళ్లి మార్పించి తిరిగి దరఖాస్తు చెయ్యాలి. నోటిమాటతో 'ఇన్ఎలిజిబుల్ వచ్చింది' అంటే కదలొద్దు.

తెలంగాణలో వికలాంగుల పింఛను 2023 జూలై నుంచి 4,016. గ్రామాల్లో ఎంపీడీఓ ఆఫీసు, పట్టణాల్లో మున్సిపల్ ఆఫీసు చూస్తాయి. కొత్త పింఛన్ల మంజూరు ఏడాది పొడవునా సాగదు. అయినా దరఖాస్తు ఇచ్చి, స్టాంపు వేసిన రసీదు దాచుకుంటే మంజూరు వచ్చిన రోజు వరసలో ఉంటారు. రెండు రాష్ట్రాల్లోనూ సోమవారం కలెక్టరేట్‌లో అర్జీలు తీసుకుంటారు. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రాలో ప్రజా సమస్యల పరిష్కార వేదిక. అర్జీ నంబరు లేకుండా ఇంటికి రావొద్దు.

చక్రాల కుర్చీ, వినికిడి యంత్రం, కృత్రిమ కాలు వంటివి కేంద్రం నడిపే అడిప్ పథకం కింద, వాటిని తయారుచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ అలిమ్‌కో పెట్టే క్యాంపుల్లో ఇస్తారు. క్యాంపు రెండు దశల్లో జరుగుతుంది. మొదటిసారి కొలతలు, రెండోసారి పంపిణీ. కొలతల రోజు రానివాళ్లకు పంపిణీ రోజు ఏమీ దక్కదు. బ్యాటరీ ట్రైసైకిల్‌కు సాధారణ ట్రైసైకిల్ కంటే ఎక్కువ శాతం వైకల్యం కావాలి. రాష్ట్ర సహకార సంస్థలు ఇచ్చే మూడు చక్రాల మోటారు బండ్లకు చదువుకునేవాళ్లు, ఉద్యోగం చేసేవాళ్లు ఎక్కువగా దరఖాస్తు చేస్తారు. దానికి డ్రైవింగ్ లైసెన్సు లేదా ఎల్‌ఎల్‌ఆర్ కావాలి కాబట్టి నోటిఫికేషన్ రాకముందే తీసుకుని ఉంచుకోండి. దరఖాస్తు గడువు రెండు, మూడు వారాలే ఉంటుంది.

ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ, మేధో వైకల్యం, బహుళ వైకల్యం ఉన్నవాళ్లకు కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ ఆరోగ్య బీమా ఉంది. ఏడాదికి లక్ష రూపాయల వరకు. నమోదుకు దారిద్య్ర రేఖ దిగువవారికి 250, మిగతావారికి 500. ఇందులో ఆసుపత్రిలో చేరడమే కాదు, ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ బిల్లులకూ కొంత వస్తుంది. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరెందుకో. ఏటా పునరుద్ధరించకపోతే కవరు ఆగిపోతుంది.

బడి, పరీక్ష, స్కాలర్‌షిప్

6 నుంచి 18 ఏళ్ల వరకు ఉచిత విద్య హక్కు. పక్కబడి హెడ్మాస్టరు 'ప్రత్యేక పాఠశాలలో వేయండి' అంటే అది ఆయన సలహా మాత్రమే, తిరస్కరించే అధికారం లేదు. మండలంలోని భవిత కేంద్రంలో ప్రత్యేక ఉపాధ్యాయులు, ఫిజియోథెరపీ రోజులు ఉంటాయి. మంచం దిగలేని పిల్లల ఇంటికి వాళ్లే వచ్చి నేర్పిస్తారు. సమగ్ర శిక్ష కింద ప్రయాణ భత్యం, వెంట వచ్చేవారికి ఎస్కార్ట్ భత్యం, ఆడపిల్లలకు నెలకు 200 చొప్పున పది నెలలు స్టైఫండ్ ఉన్నాయి. ఇవన్నీ రావాలంటే బడి రికార్డులో ఆ బిడ్డ పేరు ప్రత్యేక అవసరాలున్న పిల్లల జాబితాలో ఎక్కాలి. చేరినప్పుడే హెడ్మాస్టరును అడగండి. మేధో వైకల్యం ఉన్న పిల్లల అంచనా, శిక్షణ, తల్లిదండ్రులకు నేర్పించడం కోసం సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో ఎన్‌ఐఈపీఐడీ అనే జాతీయ సంస్థ, నెల్లూరులో సీఆర్‌సీ అనే ప్రాంతీయ కేంద్రం ఉన్నాయి.

పరీక్షలో గంటకు 20 నిమిషాల అదనపు సమయం దక్కుతుంది. మూడు గంటల పేపరుకు మరో గంట. స్క్రైబ్, అదనపు సమయం, భాషా పేపరు మినహాయింపు వంటివి పరీక్ష హాల్లో అడిగితే రావు. నామినల్ రోల్ (పరీక్ష రాసేవాళ్ల జాబితా) పంపే దశలోనే హెడ్మాస్టరు ద్వారా డీఈఓకి వెళ్లాలి. అంటే పదో తరగతి విద్యార్థి దసరా సెలవుల్లోపే సర్టిఫికెట్ చేతిలో పెట్టుకోవాలి. 40 శాతం లోపు ఉన్నా చేతితో రాయలేనివాళ్లకు స్క్రైబ్ ఇవ్వాలని 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2022 ఆగస్టులో కేంద్రం దానికి విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. ప్రభుత్వ వైద్య బోర్డు ఆ నమూనాలో 'రాయడంలో ఇబ్బంది ఉంది' అని రాసివ్వాలి. పైన చెప్పిన తెల్ల కార్డు అక్కరకొచ్చేది ఇక్కడే. స్క్రైబ్ దొరకడంతో పని అయిపోదు. కనీసం నాలుగు పాత పేపర్లు ఇద్దరూ కూర్చుని రాయాలి. లెక్కల్లో 'బ్రాకెట్ మొదలు, ఎక్స్ స్క్వేర్, ప్లస్, బ్రాకెట్ మూయి, హోల్ స్క్వేర్' అని చెప్పడం అలవాటు కాకపోతే అదనపు గంట అక్కడే కరిగిపోతుంది.

స్కాలర్‌షిప్‌లకు నేషనల్ స్కాలర్‌షిప్ పోర్టల్. 9, 10 తరగతులకు ప్రీమెట్రిక్, ఇంటర్ నుంచి పీజీ దాకా పోస్ట్‌మెట్రిక్. రెండింటికీ తల్లిదండ్రుల ఆదాయం ఏడాదికి 2.5 లక్షలు మించకూడదు. ఎంపిక చేసిన పెద్ద సంస్థల్లో చదివేవాళ్లకు టాప్‌క్లాస్, దానికి ఆదాయ పరిమితి 8 లక్షలు. ముందు వన్ టైమ్ రిజిస్ట్రేషన్, ఆపైన దరఖాస్తు, ఆపైన కాలేజీ లాగిన్‌లో పరిశీలన. దరఖాస్తు పెట్టి మర్చిపోయిన పిల్లలకు ఈ మూడో మెట్టు దగ్గర గండి పడుతుంది. కాలేజీలో నోడల్ అధికారి వెరిఫై చేయకుండా గడువు దాటిపోతే ఆ ఏటికి అంతే. వారానికోసారి స్టేటస్ చూడండి. 'డిఫెక్టివ్' అని వస్తే తిరస్కరించినట్టు కాదు, సరిదిద్ది మళ్లీ పంపమని అర్థం.

ప్రభుత్వ, ఎయిడెడ్ ఉన్నత విద్యాసంస్థల్లో 5 శాతం సీట్లు రిజర్వు. ఈఏపీసెట్‌లో ఈ కోటాకు సర్టిఫికెట్ల పరిశీలన ప్రకటించిన కేంద్రాల్లోనే, చెప్పిన తేదీల్లోనే. మామూలు హెల్ప్‌లైన్ సెంటర్‌కి వెళ్లి చేయించుకుని కోటా పోగొట్టుకోవద్దు. మెడికల్ సీట్లకు సదరం చాలదు, నోటిఫికేషన్‌లో పేర్కొన్న బోర్డు మళ్లీ పరీక్షిస్తుంది. శాతం చూసి అనర్హుడనడం కుదరదని, ఆ విద్యార్థి కోర్సు చదవగలడా లేదా అన్నది చూడాలని 2024 అక్టోబరు 15న ఓంకార్ గోండ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. బోర్డు 'అనర్హుడు' అంటే కారణాలు రాతపూర్వకంగా అడగండి.

ఉద్యోగం

ప్రభుత్వ కొలువుల్లో 4 శాతం. చూపు లోపానికి 1, వినికిడి లోపానికి 1, కాలుచేతుల వైకల్యం, సెరిబ్రల్ పాల్సీ, కుష్ఠు నయమైనవారు, మరుగుజ్జుతనం, యాసిడ్ బాధితులు, కండరాల క్షీణత కలిపి 1. ఆటిజం, మేధో వైకల్యం, చదువుకు సంబంధించిన ప్రత్యేక ఇబ్బంది, మానసిక వ్యాధి, బహుళ వైకల్యాలు కలిపి 1. కేంద్ర ఉద్యోగాల్లో వయసు సడలింపు జనరల్‌కు 10 ఏళ్లు, ఓబీసీకి 13, ఎస్సీ, ఎస్టీలకు 15.

నోటిఫికేషన్ రాగానే ఖాళీల సంఖ్య కంటే ముందు చూడాల్సింది ఆ పోస్టు మీ రకానికి గుర్తించినదా కాదా అన్నది. ఓఏ అంటే ఒక చెయ్యి, ఓఎల్ అంటే ఒక కాలు, బీఎల్ అంటే రెండు కాళ్లు. ఇలా పొట్టి అక్షరాల్లో ఇస్తారు. మీ సర్టిఫికెట్‌లో 'రెండు కాళ్లు' అని ఉండి పోస్టుకు 'ఒక కాలు' మాత్రమే గుర్తిస్తే రాతపరీక్ష గట్టెక్కినా సర్టిఫికెట్ల పరిశీలనలో ఆగిపోతారు. కమిషన్ల వన్ టైమ్ రిజిస్ట్రేషన్‌లో వైకల్యం ఉపవర్గం తప్పుగా పెట్టినా అంతే. జనరల్ కటాఫ్‌ను ఏ సడలింపూ వాడకుండా దాటినవాళ్లను రిజర్వు పోస్టులో లెక్కేయకూడదు. ఫలితాల్లో అలా జరిగిందేమో చూసుకోవాలి. ఉద్యోగంలో చేరాక వైకల్యం వస్తే తీసేయడం, హోదా తగ్గించడం దివ్యాంగుల హక్కుల చట్టం 20వ సెక్షన్ ప్రకారం కుదరదు. సరిపడే పోస్టు లేకపోతే అదనపు పోస్టు సృష్టించి అయినా అదే జీతంతో ఉంచాలి.

ప్రైవేటులో వెతికేవాళ్లకు హైదరాబాద్ విద్యానగర్‌లో ఏటీఐ ఆవరణలో దివ్యాంగుల నేషనల్ కెరీర్ సర్వీస్ సెంటర్ ఉంది. మీరు చెయ్యగల పని అంచనా వేసి, శిక్షణ ఇచ్చి, సంస్థలకు పంపుతారు. రెజ్యూమేలో వైకల్యం రాయాలా వద్దా అంటే, పనిలో ఏదైనా సదుపాయం కావాల్సి ఉంటే ఒక్క వాక్యం రాయడమే మేలు. 'స్క్రీన్ రీడర్‌తో ఎక్సెల్ పని చేస్తాను' అన్నది 'చూపు లేదు' కంటే యజమానికి ఎక్కువ చెబుతుంది. జీతం 25,000 వరకు ఉన్న దివ్యాంగులు ఈఎస్‌ఐ కిందికి వస్తారు. మిగతావారికి ఆ పరిమితి 21,000. హెచ్‌ఆర్‌లో ఈ తేడా తెలియనివాళ్లు ఉంటారు, మనమే చెప్పాలి.

సొంత పని పెట్టుకునేవాళ్లకు పీఎంఈజీపీలో (రాయితీతో బ్యాంకు రుణమిచ్చే కేంద్ర పథకం) సొంత వాటా 5 శాతమే. రాయితీ పల్లెల్లో 35 శాతం, పట్టణాల్లో 25. బ్యాంకు ఒప్పుకోకపోవడానికి సాధారణ కారణం ప్రాజెక్టు రిపోర్టు. జిరాక్స్ సెంటర్లో కొనుక్కున్న రిపోర్టులో జెరాక్స్ మిషను ధర, అద్దె, నెలకు వచ్చే గిరాకీ ఏ ఊరివో కూడా తెలియదు. మీ వీధి అద్దె, మీరు తెచ్చిన కొటేషన్లు పెట్టండి.

రైలు, పన్ను

రైలు రాయితీ శాతాన్ని బట్టి రాదు. తోడు లేకుండా ప్రయాణించలేని కాలుచేతుల వైకల్యం, పూర్తి అంధత్వం, మేధో వైకల్యం ఉన్నవాళ్లకు స్లీపర్, థర్డ్ ఏసీల్లో 75 శాతం, సెకండ్, ఫస్ట్ ఏసీల్లో 50. వెంట వచ్చే ఒకరికీ అంతే. మాట, వినికిడి రెండూ లేనివారికి స్లీపర్‌లో 50. వినికిడి లోపం ఒక్కటే ఉంటే రాదు. రైల్వే నమూనాలో ప్రభుత్వ డాక్టరు సంతకంతో కాగితం తీసుకుని రైల్వే దివ్యాంగుల పోర్టల్‌లో కార్డు తెచ్చుకోవాలి. ఆదాయపు పన్నులో 80యూ కింద 75,000, వైకల్యం 80 శాతం, ఆపైన ఉంటే 1,25,000 మినహాయింపు. ఆధారపడిన కుటుంబసభ్యుడి కోసం 80డీడీ కింద అంతే మొత్తం. రెండూ పాత పన్ను విధానం ఎంచుకుంటేనే.

పద్దెనిమిది నిండే ఏడు

మేధో వైకల్యం, ఆటిజం, సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకు 18 నిండిన మర్నాడు తల్లిదండ్రులు చట్టం దృష్టిలో సంరక్షకులు కారు. బ్యాంకు మైనర్ ఖాతాను నిలిపేస్తుంది, సంతకం ఎవరు చెయ్యాలని అడుగుతుంది. నేషనల్ ట్రస్ట్ చట్టం కింద కలెక్టర్ అధ్యక్షతన ఉండే స్థానిక స్థాయి కమిటీ చట్టబద్ధ సంరక్షకత్వ పత్రం ఇస్తుంది. 17 దాటగానే కాగితాలు సిద్ధం చేసి, 18 నిండిన నెలలోనే దరఖాస్తు వెయ్యాలి. మానసిక వ్యాధి ఒక్కటే ఉంటే ఈ దారి వర్తించదు. అదే ఏడు సర్టిఫికెట్ కూడా మళ్లీ చేయించాలి. ఈసారి శాశ్వతంగా ఇస్తారు.

తల్లిగానీ తండ్రిగానీ ప్రభుత్వ ఉద్యోగి అయితే, సంపాదించుకోలేని బిడ్డకు జీవితాంతం కుటుంబ పింఛను వస్తుంది. ఉద్యోగి బతికి ఉండగానే ఆ పేరు రికార్డుల్లో ఎక్కించి, వైద్య ధ్రువపత్రం జతచెయ్యాలి. ఈ పని వాయిదా వేస్తే ఇద్దరూ పోయాక అన్నదమ్ములు ట్రెజరీ చుట్టూ ఏళ్ల తరబడి తిరగాల్సి వస్తుంది.

ఏ ఆఫీసూ కదలకపోతే రాష్ట్ర దివ్యాంగుల కమిషనర్‌కు రాయొచ్చు. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, తెల్ల కాగితం చాలు. ఎవరికి, ఏ తేదీన, ఏ నంబరుతో దరఖాస్తు చేశారు, ఏం జవాబొచ్చింది, ఏం కావాలి అన్నది వరసగా రాసి, యూడీఐడీ నకలు, రసీదులు జతచేసి రిజిస్టర్డ్ పోస్టులో పంపండి.